‘అ’ అంటే లేదు

ఈ మధ్య మా ఆయనకు మోకాలి ఆపరేషను జరుగుతుంటే ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. ఎదురుగా తలుపు మీద ‘అనస్థీషియా’ అని తెలుగు అక్షరాల్లో బోర్డు ఉంది. నా నోరు దానంతట అదే కదిలింది. ముందు ‘అన్’, అంటే లేదు. వెనకది స్పర్శ. స్పర్శ లేకపోవడం. పక్కన కూర్చున్న పెద్దావిడ నేను జపం చేసుకుంటున్నానని అనుకుందేమో, కొంచెం జరిగి చోటు ఇచ్చింది. జపం కాదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. ఇంగ్లీషు మాట కనబడితే దాని తల విరిచి చూసే అలవాటు నాకు చిన్నప్పుడు ఆదోనిలో అంటింది. అది ఎట్లా అంటిందో చెప్పాలంటే మా తాత గురించి చెప్పాలి.

మా ఇల్లు కోట కొండ కింద ఒక ఇరుకు సందులో ఉండేది. మా నాన్న పత్తి మిల్లులో గుమాస్తా. పత్తి వచ్చే కాలంలో ఊరంతా సన్నటి దూది పొట్టు గాల్లో తేలేది. పెరుగు తోడుపెట్టిన గిన్నె మీద, ఆరేసిన మడిబట్టల మీద, కిటికీ ఊచల మీద వాలేది. అవ్వ ప్రతి గిన్నెకూ తడిబట్ట కట్టేది. సాయంత్రమైతే నూనె మిల్లుల నుంచి బుడ్డలు వేగిన వాసన సందులోకి దిగేది. వేరుశనక్కాయలను మా వైపు బుడ్డలంటారు. ఆ వాసనకే ఆకలి వేసేది. నాన్న కనుబొమ్మల నిండా దూదితో ఇల్లు చేరేవాడు. అప్పుడు ఆయనా, అరుగు మీద కూర్చున్న తాతా ఒకే వయసు వాళ్లలాగా కనబడేవారు.

తాత జీవితమంతా మంత్రాలయం దగ్గర ఒక పాఠశాలలో సంస్కృతం చెప్పాడు. చూపు మందగించాక మా దగ్గరికి వచ్చేశాడు. శిష్యులు లేకపోతే ఆయనకు తోచేది కాదు. అందుకని ఆయనకు నేను దొరికాను. పొద్దున్నే స్నానం చేసి అరుగు మీద ఎదురుగా కూర్చుని శబ్దాలు, అంటే ఒక్కో సంస్కృతం మాటకు విభక్తి రూపాలన్నీ, వల్లించాలి. రామః రామౌ రామాః. తప్పు చెబితే కొట్టేవాడు కాదు. అరచేత్తో నేల మీద ఒక్క చరుపు చరిచి చూపుడువేలు పైకెత్తేవాడు. ఆ వేలు దిగేలోపల సరైన మాట రావాలి.

ఎదురింట్లో ఒక గది అద్దెకు తీసుకుని మా ఇంగ్లీషు టీచరు ఉండేది. నేను చదివే ఆడపిల్లల హైస్కూల్లోనే పని. నలభై ఏళ్లు ఉంటాయేమో, పెళ్లి చేసుకోలేదు. సన్నంచు తెల్లచీర, చేతిలో నల్ల గొడుగు. ఆమెది ఎమ్మిగనూరు. వాళ్ల నాన్న అక్కడి చర్చిలో పాస్టరు. ఆ చదువుకు గ్రీకు నేర్చుకోవాల్సి వచ్చిందట. తాను నేర్చుకున్నది ఇంట్లో ఉన్న ఒక్క కూతురికీ నేర్పాడు. ఈ సంగతి మా సందులో ఎవరికీ తెలియదు. తెలిసినా ఎవరికేం పని?

ఒక సాయంత్రం నేను అరుగు మీద ఇంగ్లీషు మాటలకు అర్థాలు బట్టీ పడుతున్నాను. తాత విసనకర్ర ఆపాడు.

“ఏమే, ఆ మాట మళ్లీ చెప్పు.”

“ఏథీస్ట్, తాతా. దేవుడు లేడనేవాడు.”

“నాస్తికుడు. సరే. ఆ మాటలో దేవుడు యాడున్నాడు? లేడు అనేది యాడుంది?”

నాకేం తెలుసు? తాత ఎదురింటి వైపు తిరిగి, “టీచరమ్మా, ఒక్క మాట!” అని కేకేశాడు. అంతవరకూ ఆమె మా గడప దగ్గరకు వచ్చింది లేదు. కొంగు సర్దుకుంటూ వచ్చి మెట్టు కింద నిలబడింది.

“థియోస్ అంటే గ్రీకులో దేవుడు, అయ్యవారూ. ముందరుండే ‘అ’ అంటే లేదు అని. ఇంగ్లీషోళ్లు దాన్ని ఏ అని పలుకుతారు.”

తాత విసనకర్ర పక్కన పెట్టాడు. “ధర్మం, అధర్మం. మాదీ అదే కదమ్మా.”

“అట్లనే ఉంటాది, అయ్యవారూ.”

“అయితే ఒకటి చెప్పు,” తాత గొంతు పరీక్ష పెట్టే గొంతైంది. “వెనక అచ్చు వస్తే ఏం చేస్తారు మీ గ్రీకులు?”

“అప్పుడు ‘అన్’ చేస్తారు. ఏలేవాడు ఆర్ఖోస్. వాడు లేకపోతే అనార్కీ.”

“అన్!” తాత లేచి నిలబడ్డాడు. “అరాజకం! ఏమేవ్, విన్నావా? మాదీ అన్నే! అంతం లేకుంటే అనంతం, ఆది లేకుంటే అనాది. ఆ గ్రీకులు యాడ, మనం యాడ!”

“వినపడింది లే,” అంది అవ్వ వంటింట్లోంచి. “పప్పు మాడుతాంది నాకు.”

అది మొదలు. రోజూ సాయంత్రం టీచరు బడి నుంచి వచ్చేసరికి తాత అరుగు మీద సిద్ధంగా ఉండేవాడు. “ఏమమ్మా, ఈ పొద్దు ఏం తెచ్చినావు?” అని అడిగేవాడు, ఆకుకూరల బుట్టను అడిగినట్టు. ఆమె అరుగు చివర కూర్చుని ఒక మాట ఇచ్చేది. టోమోస్ అంటే కోత, కొయ్యడానికి కుదరనిది ఆటమ్. అవ్వ మొహం పాలిపోయిందని డాక్టరు అన్న అనీమియాలో ‘హైమా’ అంటే నెత్తురు, ముందు ‘అన్’. తాత ఆ మాటను నాలుక మీద తిప్పి చూసి, దానికి తన దగ్గరున్న సంస్కృతం మాట ఒకటి ఎదురు పెట్టేవాడు. కుదిరితే సంతోషం. కుదరకపోతే మరుసటి రోజు దాకా ఆలోచన.

నేను కూడా రెచ్చిపోయాను. కనబడిన మాటనల్లా విరిచేదాన్ని. ఒకరోజు, “తాతా, ఆదోని అంటే ఏందో తెలుసా? దోనె లేని ఊరు. ఈడ ఏరు లేదు కదా, పడవ యాడుంటాది?” అన్నాను. తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, వేలెత్తాడు. “దీర్ఘం చూసుకోవద్దా? లేదనే అకారం పొట్టిదే.” టీచరు మాత్రం నా పక్షం వహించింది. “నీళ్ల సంగతి మటుకు నిజమే కదా, అయ్యవారూ,” అంది.

అమెథిస్ట్ అనే ఊదారంగు రాయి ఉందని, ‘మత్తెక్కనియ్యనిది’ అని దాని అర్థమని, అది పెట్టుకుంటే తాగుడు ఎక్కదని గ్రీకులు నమ్మేవారని ఆమె చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా సందు మొదట్లో ఒక జట్కా అతను ఉండేవాడు. సాయంత్రమైతే గుర్రమే అతన్ని ఇంటికి తెచ్చేది. అవ్వ తెగిన దండలోంచి ఒక ఊదా పూస తీసి, దారం కట్టి, అతని కుడి మణికట్టుకు ముడివేశాను. కొన్నాళ్లకు అడిగాను, పని చేసిందా అని.

“మంచి రాయి పాపా,” అన్నాడు అతను భక్తిగా. “ఆ సేత్తో గ్లాసు పట్టుకుంటే పాపమని ఎడమ సేత్తో తాగుతాండా.”

తాత ఈ సంగతి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వేవాడు.

ఆ ఏడాది చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో ఒక పొద్దున నేను అరుగు మీదకు వచ్చేసరికి తాత గోడకు ఒరిగిపోయి ఉన్నాడు. మూతి ఒక పక్కకు వంగింది. కుడిచెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులాగా పడి ఉంది. “తాతా” అంటే నా వైపు చూసి ఏదో చెప్పబోయాడు. “అదీ... అదీ...” అన్నాడు. ఆ ఒక్క మాటే వస్తోంది. ఆయన కళ్లలో భయం నేను మొదటిసారి చూశాను.

నాన్న బళ్లారి ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. తాత కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతున్నాడు. మాట మాత్రం అదే. అన్నం కావాలన్నా అదీ, కప్పుకోవడానికి దుప్పటి కావాలన్నా అదీ. మాకు అర్థం కాకపోతే కన్నీళ్లు పెట్టుకునేవాడు.

“అఫేషియా అన్నాడు డాక్టరు,” అని నాన్న అవ్వతో చెప్పాడు. “ఇంకా ఏమేమో ఇంగ్లీషులో చెప్పినాడు, నాకు సగం తెలీలేదు. వస్తే రావచ్చు, లేకుంటే లేదన్నాడు.”

సందులో వాళ్లు ఆ మాట విని తలలు ఆడించారు. ఇంగ్లీషు పేరున్న జబ్బు, మనిషేమో అర్థం లేకుండా మాట్లాడుతున్నాడు. పాపం, పెద్దాయనకు మతి పోయిందన్నారు. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆయన ముందే ఆయన గురించి మాట్లాడడం మొదలుపెట్టారు.

అప్పుడు ఆలూరు నుంచి మా అత్త వచ్చింది. నాన్నకు అక్క. పత్తి చేలు, బుడ్డల చేలు, పాలేర్లు, అన్నీ ఆమే చూసుకునేది. గట్టి మనిషి. బస్సు దిగిందంటే జొన్నపిండి మూట, బుడ్డల మూట, వాటి వెనక ఆమె గొంతు వచ్చేవి. తండ్రిని చూసి కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని ఇంటి పనిలో పడింది.

ఆ సాయంత్రం అవ్వ దీపం పెట్టి రోజూ చదివే శ్లోకం అందుకుంది. రెండో పాదం దగ్గర స్తంభానికి ఆనుకుని కూర్చున్న తాత గొంతు కలిసింది. స్పష్టంగా, స్వరం తప్పకుండా, చివరిదాకా చదివాడు. అవ్వ చేతిలో అగ్గిపెట్టె జారిపోయింది. మేమంతా సంతోషంతో చుట్టూ చేరాం. “నాయనా, నీళ్లు కావాల్నా?” అని నాన్న అడిగాడు.

“అదీ...” అన్నాడు తాత.

అత్త మొహం తెల్లబోయింది. అవ్వను వంటింట్లోకి తీసుకుపోయింది. ఆ గుసగుస నాకు వినబడింది.

“నీళ్లు అడిగేకి నోరు రాదు, శ్లోకం మటుకు గడగడా వస్తాది. అది మా నాయన కాదమ్మా. లోపల ఎవరో కూచోని పలుకుతాండారు.”

ఆలూరు పక్క ఒక పల్లెలో గాలి విడిపించే మనిషి ఉన్నాడట. స్తంభానికి కట్టేసి, మిరపకాయల పొగ వేసి, వేపమండలతో కొడతాడట. వచ్చే అమావాస్యకు తీసుకుపోదామంది. అవ్వ ఔననలేదు, కాదనలేదు, ఏడ్చింది. నాన్న, “చూద్దాం లే అక్కా” అన్నాడు. మా ఇంట్లో నాన్న చూద్దామంటే జరిగినట్టే.

తాత స్తంభం దగ్గరే ఉన్నాడు. ఆయన అంతా విన్నాడు. విన్నాడని నాకు తెలుసు. ఎట్లా తెలుసో చెప్పలేను. నేను ఎదురింటికి పరిగెత్తాను.

టీచరు దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి నా మాట అంతా విన్నది.

“డాక్టరు ఏమన్నాడు? ఆ మాట సరిగ్గా చెప్పు.”

“అఫేషియా.”

“విడగొట్టు.”

“అ అంటే లేదు. ఫేషియా తెలీదు టీచర్.”

“ఫాసిస్. పలుకు, మాట.”

“మాట లేకపోవడం.”

“అంతే కదా? అందులో మతి అనే మాట యాడన్నా ఉందా?”

నేను మళ్లీ మళ్లీ వెతికాను. లేదు.

“డాక్టరు మతి లేదనలేదు, మాట లేదన్నాడు. పద,” అని చెప్పులు వేసుకుంది.

మా వసారాలో నిలబడి నాన్నకూ అత్తకూ అదే చెప్పింది. అత్త నడుం మీద చెయ్యి వేసుకుంది. “నువ్వు సెప్తే? మా ఇంటి సంగతి నీకేం తెలుసు?”

“నాకు తెలిసింది మాటకు అర్థం ఒకటే అక్కా,” అంది టీచరు. “మా నాయన ఇట్లాంటి మనిషిని దగ్గరుండి చూసినాడు. కనుక్కోని వస్తా. అందాక ఆగండి.”

శనివారం ఆమె ఎమ్మిగనూరు పోతూ నన్ను కూడా తీసుకుపోయింది. నాన్న ఏమనుకున్నాడో, పంపించాడు. వాళ్ల వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. ఇళ్ల ముందు రంగు అద్దిన నూలు కట్టలు ఆరుతున్నాయి, వాటి నుంచి పుల్లటి వాసన. పాస్టరుగారు బక్కపలచటి ముసలాయన. నా చేతిలో బుడ్డల ఉండ పెట్టి, తినేదాకా ఏమీ అడగలేదు. అవ్వకు తెలిస్తే ఏమంటుందో అనుకుంటూనే రెండోది కూడా తిన్నాను.

“మా చర్చిలో ఒక పెద్దాయనకు ఇట్లనే అయింది పాపా,” అన్నాడు. “మాట పోయింది, పాట పోలేదు. ఎందుకో నాకు తెలీదు. మాటలుండే గది వేరే, పాటలుండే గది వేరేనేమో. ఆయన భార్య రోజూ పాట ఎత్తుకోని మధ్యలో ఆపేది. మిగిలింది ఆయన అందుకునేటోడు. అట్ల పోతా పోతా కొన్ని మాటలు దొరికినాయి. మీ తాతకు అన్నిటికంటే బాగా వచ్చింది ఏంది?”

“శబ్దాలు.”

“అయితే అవే పట్టుకో.”

మరునాడు పొద్దున స్నానం చేసి తాత ఎదురుగా కూర్చున్నాను. ఆయన జబ్బు పడ్డాక పాఠం అదే మొదలు. అత్త వంటింట్లో పొద్దుటి ఫలహారం ఉగ్గాని కోసం బొరుగులు, అంటే మరమరాలు, తడుపుతోంది. నాన్న గడప దగ్గర నిలబడ్డాడు. టీచరు మెట్టు కింద. అందరూ నా వైపే చూస్తున్నారు. రామ శబ్దం ఎత్తుకుని మధ్యలో ఆపాను. తాత నా వైపు చూశాడు, అందుకోలేదు. హరి శబ్దం ఎత్తుకున్నాను. భయంలో దాన్ని రామ శబ్దంతో కలిపేశాను.

“హరిణా, హరిభ్యాం, హరైః...”

నేల మీద ఫట్‌మని చప్పుడు. తాత ఎడమచేత్తో చరిచాడు. ఎడమచేతి చూపుడువేలు పైకి లేచింది. మొహం కోపంతో ఎర్రబడింది. ఆ కోపం ఎంత బాగుందో! నోరు తెరిచాడు. “అదీ... అదీ...” అన్నాడు. మాట దొరకడం లేదు. వేలు మాత్రం దించలేదు. నాకు కంగారులో సరైన మాట గుర్తు రాలేదు.

“హరిభిః,” అంది వంటింటి గుమ్మంలోంచి ఒక గొంతు.

అందరం అటు చూశాం. అత్త. ఆమె చేతుల నుంచి బొరుగుల నీళ్లు కారుతున్నాయి.

“హరిభిః,” అన్నాడు తాత. “హరయే, హరిభ్యాం, హరిభ్యః...” ఆగకుండా శబ్దం చివరిదాకా చెప్పాడు. ఆయనతో పాటు అత్త కూడా, పెదవులు కదుపుతూ, ఒక్క తప్పు లేకుండా. అయిపోయాక ఆమె వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

“ఆ వేలు మా నాయనదే,” అంది వెక్కుతూ. “తప్పు సెప్తే నా ముందర కూడా అట్లనే ఎత్తేవాడు. నాయనా, నీకు అంతా తెలుస్తాందా? నేనన్న మాటలన్నీ విన్నావా?”

తాత తల ఊపాడు. ఎడమచెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

అత్తకు శబ్దాలు వచ్చని నాకు తెలియదు. నాన్నకు గుర్తే లేదు. పాఠశాల పిల్లలు వల్లిస్తుంటే చిన్నప్పుడు ఆమె కూడా పక్కన చేరేదట. తాత పంపించెయ్యకుండా ఆమెకూ చెప్పాడట. తర్వాత పెళ్లి చేసి ఆలూరు పంపించారు. అక్కడ చేలు, పశువులు, పిల్లలు. ఆ మాటలు మళ్లీ పలకాల్సిన పని పడలేదు.

అమావాస్య వచ్చింది, పోయింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. అత్త వానలు పడి విత్తనాల పని మొదలయ్యేదాకా మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున ఆమె, సాయంత్రం నేను. ఎత్తుకోవడం, ఆపడం. తాతకు మాటలు ఒక పద్ధతి లేకుండా తిరిగి వచ్చాయి. మొదట వచ్చిన కోరిక నీళ్లు. అయితే నీళ్లని రాలేదు. “జలం జలే జలాని” అని శబ్దం మొత్తం వచ్చింది. సందులో పిల్లలు దాన్ని పాట చేసుకున్నారు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుంటూ ఆడవాళ్లు కూడా “జలం జలే” అని నవ్వుకునేవారు. తాతకు కోపం రాలేదు, వాళ్లతో పాటు సగం మూతితో నవ్వేవాడు. అయితే మనుషుల పేర్లు మాత్రం ఆయనకు మళ్లీ దొరకలేదు. అవ్వను చూసి చెయ్యి చాపేవాడు, అంతే. నన్ను ‘హరిభిః’ అని పిలిచేవాడు. నేను పలికేదాన్ని.

టీచరు సాయంత్రాలు మానలేదు. ఒక ఇంగ్లీషు మాట చెప్పేది. ముందున్నది లేదనే ‘అ’ అయితే తాత ఎడమచెయ్యి అడ్డంగా ఊపాలి. కాకపోతే కదలకూడదు. ఆమె గంభీరంగా నాలుగు మాటలు చెప్పి, ఐదోది ఆపిల్ అనేది. తాత చెయ్యి లేవబోయి ఆగేది. ఇద్దరూ నవ్వేవారు.

తాత అట్లాగే ఇంకో రెండు వేసవులు బతికి, ఒక మధ్యాహ్నం నిద్రలో పోయాడు. ఆ రోజు కంటే నాకు దానికి ముందు వేసవిలో ఒక పొద్దు బాగా గుర్తుంది.

టీచరుకు కోడుమూరు బదిలీ అయింది. సామాను ముందే పంపించేసింది. సందు మొదట్లోని జట్కానే ఇంటి ముందు ఆగింది. ఆమె మా మెట్టు దగ్గరకు వచ్చి, తాతకు నమస్కారం పెట్టి, “పోయొస్తా అయ్యవారూ” అంది. ఆమె వెళ్లి జట్కా మీద కాలు పెట్టింది.

“ఉండు,” అన్నాడు తాత.

శ్లోకం కాదు. శబ్దం కాదు. ఎవరూ ఎత్తి ఇవ్వలేదు. అవ్వ వంటింట్లోంచి బయటకు వచ్చింది. “ఏమన్నాడు?” అని నన్ను అడిగింది.

“బస్సు టైమయింది నాయనా, ఆమె పోవల్ల,” అన్నాడు నాన్న మెల్లగా.

“ఉండు,” అన్నాడు తాత మళ్లీ. ఈసారి ఇంకా స్పష్టంగా.

టీచరు కాలు దించింది. వెనక్కి వచ్చి, మెట్లెక్కి, అరుగు మీద ఆయన ఎదురుగా, నేను పాఠానికి కూర్చునే చోట కూర్చుంది. తాత ఇంకేదో చెప్పాలని చాలాసేపు ప్రయత్నించాడు. అంతకుమించి రాలేదు. ఆమె, “ఫర్వాలేదు అయ్యవారూ, ఉన్నా కదా,” అంది. అవ్వ వేడి ఉగ్గాని రెండు పళ్లేల్లో తెచ్చి వాళ్లిద్దరి మధ్య పెట్టి, స్తంభానికి ఆనుకుని తానూ కూర్చుంది. సందులో జట్కా అతను కాసేపు గొణిగి నిద్రపోయాడు. తాత ఎడమచేత్తో తింటుంటే కిందపడిన బొరుగులను టీచరు ఏరి పళ్లెం అంచున పెడుతోంది.

ఆ బస్సు వెళ్లిపోయింది. ఆమె తర్వాతి బస్సుకు పోయింది. ఇన్నేళ్ల తర్వాత మా ఇల్లు అనుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ రెండు బస్సుల మధ్య గడిచిన ఆ కాస్త సేపే.